పదకొండేళ్ల రివాల్వర్, మూడు లాకర్లు

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు వ్యాపారం. 2013లో గన్ లైసెన్స్ వచ్చింది, అదే ఏడాది హైదరాబాద్ వెళ్లి రివాల్వర్ కొన్నాను. కాన్పూర్‌లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారం చేసే పాయింట్ 32 (అది తూటా సైజు). అప్పట్లో రైతుకు ధాన్యం డబ్బు చేతికే ఇచ్చేవాళ్లం. సీజన్ వచ్చిందంటే బ్యాంకు నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఇంటికి నోట్ల సంచి మోయడమే సగం పని. తెలిసినవాళ్లను ఒకరిని దారికాచి కొట్టాక, అప్లికేషన్ పెట్టమని ఇంట్లోవాళ్లే వెంటపడ్డారు.

ఈ పదకొండేళ్లలో దాన్ని మనిషి మీదికి ఎత్తిన రోజు లేదు. షూటింగ్ రేంజ్‌లో కాగితం మీద కాల్చినవన్నీ కలిపినా డెబ్బై రౌండ్లు, అంటే తూటాలు, దాటవు. కానీ లాకర్లోంచి తీయడం, మళ్లీ పెట్టడం మాత్రం వేల సార్లు చేశాను. అందుకే కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లు "అన్నా, ఏ రివాల్వర్ తీసుకోమంటవ్?" అని అడిగితే "ముందు ఏ లాకర్ కొంటున్నవో చెప్పు తమ్మీ" అంటాను. జోక్ చేస్తున్నాననుకుంటారు.

ముందు వస్తువు సంగతి. ఆరు రౌండ్ల సిలిండర్, మూడంగుళాల గొట్టం, ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 700 గ్రాముల బరువు. పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతి. పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కితే అడకత్తెర తెరుచుకున్నట్టు మధ్యకు విరుగుతుంది, లోపలున్న రౌండ్లన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. ఖాళీగా ఉందో లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. దీంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, ఎందుకంటే నేను దీంతో ఎక్కువసార్లు చేసిన పని ఖాళీగా ఉందో లేదో చూసుకోవడమే. నచ్చనిది ట్రిగ్గర్. బోరింగు కొట్టినంత బలం పెట్టాలి, ఆ బలానికి చెయ్యి అదిరి గురి పక్కకు పోతుంది. కాగితం మీద నా ఆరు రౌండ్లు పళ్లెమంత మేర చెల్లాచెదురుగా పడతాయి. అందులో సగం తప్పు నాదేలెండి. 2014 జనవరిలో కాన్పూర్ నుంచే నిర్భీక్ అని టైటానియం మిశ్రమంతో చేసింది వచ్చింది. 500 గ్రాములే, ధర 1,22,360 రూపాయలు. ఆడవాళ్ల కోసమని, నగలపెట్టె లాంటి పెట్టెలో పెట్టి అమ్మారు. మా బావమరిది దానికోసం చాలా రోజులు కలవరించాడు. అందులో పట్టేదీ ఇదే తూటా, అవీ ఆరే. మోసేటప్పుడు 200 గ్రాములు తగ్గడం తప్ప నాకు వేరే తేడా కనబడలేదు.

ఇక లాకర్లు. మొదటి రెండేళ్లు ఇనుప బీరువాలో చీరల కింద పెట్టాను, రౌండ్లు కూడా అదే అరలో. తాళంచెవి పూజగదిలో వేంకటేశ్వరస్వామి పటం వెనక. ఎవరికీ తెలియదనే ధైర్యం. ఒక ఆదివారం నేను బీరువా తాళంచెవి కోసం జేబులు తడుముకుంటుంటే, ఏడేళ్ల మా పిల్లాడు హోంవర్క్ మీంచి తల కూడా ఎత్తకుండా "దేవుని ఫొటో వెనకాల ఉంటది గదా డాడీ" అన్నాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. వంటింట్లోంచి మా ఆవిడ బయటికొచ్చింది, ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వాడు ఎప్పుడు చూశాడో, ఎన్నిసార్లు తీశాడో అడగడానికి కూడా నోరు రాలేదు. పిల్లలున్న ఇంట్లో దాచిన చోటు అనేది ఉండదు. తాళం వేసిన చోటు ఉంటుంది, వేయని చోటు ఉంటుంది, అంతే.

ఆ వారంలోనే ఆన్‌లైన్‌లో నంబర్ నొక్కితే తెరుచుకునే డిజిటల్ లాకర్ కొన్నాను. పేరు చెప్పను. ఆరు నెలల్లో బ్యాటరీలు దిగిపోయాయి. ఒకరోజు పైన పిడికిలితో గట్టిగా కొడుతూ పిడి తిప్పితే నంబర్ లేకుండానే తెరుచుకుంది. లోపల తాళం పట్టి ఉంచేది చిన్న అయస్కాంతపు మేకు, అదురుకు అది జారుతుంది. చవక రకాల్లో చాలావాటికి ఇదే జబ్బు. పైగా గోడకు బిగించకపోతే దొంగ దాన్ని తెరిచే కష్టమే పడడు, చంకన పెట్టుకుని పోతాడు.

మూడోది మా మిల్లు ఫిట్టర్ చేసిచ్చాడు. ఆరు మిల్లీమీటర్ల రేకు, బందులు లోపలివైపు, వెనక నాలుగు యాంకర్ బోల్టులు, రెండు వరసల లీవర్ తాళం. చూడ్డానికి కరెంటు మీటరు డబ్బాలా ఉంటుంది. 2015 నుంచి అదే. రౌండ్లకు వేరే గదిలో వేరే డబ్బా, దాని తాళంచెవి వేరు. రివాల్వర్ లాకర్ తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది. స్నానం చేసినా, నిద్రపోయినా అక్కడే. మొదట్లో మా ఆవిడ నవ్వేది, ఇప్పుడు ఊరెళ్లేటప్పుడు "తాడు గట్టిగుందా?" అని తనే అడుగుతుంది.

లాకర్ పక్కన నేల మీద ఇసుక నింపిన బకెట్ ఒకటి ఉంటుంది. రౌండ్లు ఎక్కించినా దించినా గొట్టం ఆ ఇసుకవైపే. దించాక సిలిండర్‌లో ఒక్కో గుంతలో చిటికెనవేలు పెట్టి ఆరూ లెక్కపెడతాను. కళ్లతో చూశాక వేలు ఎందుకంటే, రాత్రి పన్నెండింటికి అలసిపోయి వచ్చిన కళ్లను నేను నమ్మను.

నడుముకు పెట్టుకోవడం దగ్గర నేను చేయని తప్పు లేదు. మొదట మెత్తటి గుడ్డ ఒర కొన్నాను. రివాల్వర్ తీయగానే మూతి మూసుకుపోతుంది, మళ్లీ పెట్టాలంటే రెండో చెయ్యి కావాలి. అలా పెడుతుంటే ఒకసారి చొక్కా అంచు కూడా లోపలికి పోయి ట్రిగ్గర్ దగ్గర ముడిపడింది. అదృష్టం, అప్పుడది ఖాళీది. తర్వాత ట్రిగ్గర్ భాగం మొత్తం కప్పేసే మందపాటి తోలు ఒర, పైన బటన్ పట్టీ ఉన్నది తీసుకున్నాను. దానికి తగ్గ బెల్టు ఉండాలి. ప్యాంటుతో వచ్చే పలచటి బెల్టుకు తగిలిస్తే సాయంత్రానికి నడుం ఒకవైపు వంగిపోయి పైజామా బొందు లాగినట్టుంటుంది. ఒరలో పెట్టేటప్పుడు ముందు చొక్కా పక్కకు తీయాలి, బొటనవేలు వెనక సుత్తి (తూటాను కొట్టి పేల్చే భాగం) మీద ఉండాలి, కళ్లతో చూస్తూ నెమ్మదిగా దించాలి. ఒరలో పెట్టడానికి తొందర పడాల్సిన సందర్భం లోకంలో లేదు. సుత్తి కింద గుంత ఖాళీగా వదిలి ఐదు రౌండ్లే వేసుకుంటాను, పాతవాళ్ల అలవాటు.

2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బయటికి తీసుకెళ్తే ఒర లాంటిదాంట్లో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి. మా దగ్గర కొందరికి చొక్కా కొంచెం పైకి జరిపి పిడి కనబడేలా కూర్చోవడం సరదా. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చే సరదా కూడా ఉంటుంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక దానికి రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నన్నడిగితే పెళ్లికి తీసుకెళ్లడమే తప్పు. ఒకసారి దేవరకొండ వైపు చుట్టాల పెళ్లికి పెట్టుకుని వెళ్లాను. కింద బంతిలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఒర పక్కటెముకల్లోకి గుచ్చుకుంటోంది, చొక్కా వెనక నుంచి పైకి లేస్తోంది. పప్పు వడ్డించే పిల్లాడు వంగి మరీ చూశాడు. తర్వాత బాత్రూంలో దాన్ని తీసి కిటికీ మీద పెట్టి, బయటికొచ్చి చేతులు కడుక్కునేదాకా గుర్తు రాలేదు. ఎంతసేపంటే అర నిమిషం. ఆ అర నిమిషం ఇప్పటికీ కలలోకి వస్తుంది. అప్పటి నుంచి రెండు నియమాలు: ఫంక్షన్లకు, గుడికి, మందు ఉండే చోటికి తీసుకెళ్లను. బాత్రూంలో ఒరలోంచి తీయను, బెల్టుతోపాటే ఉంటుంది.

కారులో వదలడం కూడా మానేశాను. మే నెలలో నల్గొండ ఎండకు మూసిన కారు పొయ్యిలా ఉంటుంది, రౌండ్లకు ఆ వేడి మంచిది కాదు. అద్దం పగలగొట్టినవాడి చేతికి తుపాకీ దొరుకుతుందన్నది అంతకన్నా పెద్ద టెన్షన్. రోడ్డు మీద పోలీసు చెకింగ్ ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచి "సార్, లైసెన్స్ రివాల్వర్ ఉంది, కుడి నడుముకుంది" అని ముందే చెప్తాను. కాగితాల కోసం నడుం వెనక్కి చెయ్యి పోనిచ్చాక చెప్పే మాట కాదది.

తుప్పు గురించి ఎవరూ ముందు చెప్పలేదు. మా ఎండలకు చెమట కారుతుంటే నల్లపూత రెండు వేసవుల్లోనే నడుముకు తగిలే వైపు వెలిసిపోయింది. దానికి భయపడి నూనె దట్టంగా పట్టించాను. మిల్లులో తిరిగే మనిషిని, గాల్లో ఎప్పుడూ తౌడు ఉంటుంది. నూనె, తౌడు కలిసి సిలిండర్ చుట్టూ ఎండిన పిండిముద్దలా పట్టేసింది, తిప్పితే కరకరమనేది. ఇప్పుడు పాత టూత్‌బ్రష్‌తో దులిపి, ఇత్తడి బ్రష్ గొట్టంలో పోనిచ్చి, తెల్లగుడ్డ ముక్క తెల్లగా వచ్చేదాకా తుడిచి, పలచటి నూనె రెండే చుక్కలు. గన్ ఆయిల్ దొరకనప్పుడు కుట్టుమిషన్ నూనె వాడాను, పరవాలేదు. కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికాలం గడ్డకడుతుంది. రౌండ్లకు నూనె తగలనివ్వకూడదు, అడుగున ఉండే టోపీలోకి (ప్రైమర్) దిగితే పేలకపోవచ్చు. తుడవడం అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి, అది సీసం మురికి.

తోలు ఒరలోనే ఉంచి లాకర్లో పెట్టడం ఇంకో తప్పు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. వానాకాలం మొత్తం అలా వదిలేస్తే గొట్టం మీద ఎర్రటి చుక్కలు తేలాయి. తోలు బెల్టు గుంతల్లో పెట్టిన రౌండ్ల ఇత్తడి మీద పచ్చటి చిలుము పట్టింది, చెంబుకు పట్టినట్టే. ఇప్పుడు రివాల్వర్ విడిగా నూలు గుడ్డలో, పక్కన చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు.

ఎన్నికలొస్తే రివాల్వర్ డిపాజిట్ చేయాలని పోలీసుల నుంచి ఫోన్ వస్తుంది. మా జిల్లాలో ఎన్నికలకు కొదవ లేదు: 2018 డిసెంబర్, 2019 ఏప్రిల్, 2021 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్ ఉపఎన్నిక, 2022 నవంబర్‌లో మునుగోడు ఉపఎన్నిక, 2023 నవంబర్, 2024 మే. ఒకసారి డిపాజిట్ చేసిన చోటు నుంచి తిరిగొచ్చినప్పుడు పిడి స్క్రూ వదులై, గొట్టం లోపల తుప్పుతో వచ్చింది. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. ఇప్పుడు ఇచ్చేముందు నేనే శుభ్రం చేసి, నూనె పట్టించిన గుడ్డలో చుట్టి, నాలుగువైపులా ఫొటోలు తీసుకుంటాను. రసీదులో నంబర్ ఒక్కో అంకె వేలు పెట్టి చదువుతాను. రాసేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇంకొకటి, లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. నాది తీసుకున్నప్పుడు ఉమ్మడి రాష్ట్రం. 2014 జూన్ 2 తర్వాత మా అత్తగారి ఊరు జగ్గయ్యపేట పక్క రాష్ట్రమైపోయింది. మాకు ఇటు వాడపల్లి బ్రిడ్జి దాటినా, అటు కోదాడ దాటినా ఆంధ్రే. అందుకని ఆ వైపు బండి తిప్పితే రివాల్వర్ ఇంట్లోనే.

నిజానికి ఇప్పుడు బయటికి తీసేదే తక్కువ. డబ్బులన్నీ బ్యాంకుల్లోనే తిరుగుతున్నాయి, నా జేబులో రెండు వేలుంటే గొప్ప. లైసెన్స్ వ్యాలిడిటీ మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేశారు కాబట్టి 2022లో చేయించిన రెన్యువల్ 2027 దాకా ఉంది. అప్పుడు మళ్లీ చేయించాలా, సరెండర్ చేయాలా అని మా ఆవిడ దసరాకు దసరాకు అడుగుతుంది.

దసరా అంటే గుర్తొచ్చింది. మొదటి ఏడు ఆయుధపూజకు మా అమ్మ దాని ఫ్రేమ్ మీద తడిపిన పసుపు, కుంకుమతో బొట్టు పెట్టింది. అమ్మ పెట్టిన బొట్టు తుడవడానికి మనసొప్పక మూడు రోజులు అలాగే ఉంచాను. తుడిచాక కింద సరిగ్గా రూపాయి బిళ్లంత గుండ్రటి తుప్పు మచ్చ. ఎంత రుద్దినా నేటికీ పోలేదు. ఇప్పుడు దసరాకు బొట్టు లాకర్ తలుపుకు పెడుతున్నాం.