ఆయిల్ పాట్ కింద స్ప్రింగ్ వాల్వు: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

మా రొయ్యల ప్లాంటులో అమ్మోనియాతో చల్లబరిచే సిస్టమ్ ఉంది, దాని కంప్రెసర్లు, కండెన్సర్లు, ప్లేట్ ఫ్రీజర్లు అన్నీ లక్షలు పోసి కొన్నవే. వాటిలో దేని మీదా నాకు ప్రత్యేకమైన ప్రేమ లేదు. నా ప్రేమంతా అక్యుములేటర్ (చల్లటి లిక్విడ్ అమ్మోనియా ఉండే ట్యాంకు) కింద ఆయిల్ పాట్‌కి, అంటే ఆయిల్ చేరే చిన్న డబ్బాకి, అడుగున అరచేతిలో పట్టేంత ఉన్న ఆ స్ప్రింగ్ వాల్వు మీదే. హ్యాండిల్ పట్టుకున్నంతసేపూ తెరుచుకుని ఉంటుంది, వదిలితే టక్కున మూసుకుంటుంది. దాని గొప్పంతా అంతే. సైజు, రేటింగ్ వగైరా కేటలాగులో చూసుకోండి.

అమ్మోనియా బదులు ఫ్రియాన్ గ్యాస్ మీద పనిచేసేవాళ్ళకి ఈ ఆయిల్ తీసే బాధ పెద్దగా తెలీదు. కంప్రెసర్ నుంచి పోయిన వాళ్ళ ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరిగి కంప్రెసర్‌కి వచ్చేస్తుంది. అమ్మోనియాలో మనం వాడే మినరల్ ఆయిల్ కలవదు, పైగా దానికంటే బరువు. ఎక్కడ వెసల్ (ట్యాంకు) ఉంటే అక్కడ అడుక్కి దిగి కూర్చుంటుంది. ఎవరో ఒకరు బకెట్ పట్టుకెళ్ళి తీయాల్సిందే. పైపు తుప్పుపట్టి చిల్లు పడడం, ఫ్లాంజి ప్యాకింగ్ పోవడం వేరే సంగతి. ఇక్కడ ప్రెషర్‌లో ఉన్న సిస్టమ్‌ని మనమే, మన చేత్తోనే, గాలికి తెరుస్తాం. అదీ మామూలు పనిలో భాగంగా.

వనామీ రొయ్యల లోడ్లు ఒకదాని వెనక ఒకటి దిగుతున్న ఏప్రిల్‌లో జరిగింది ఇది. మా సీనియర్ ఆపరేటర్ హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాడు, హెల్పర్ కుర్రాడు బకెట్ దగ్గర. ఆయిల్ మొదట బాగానే దిగింది, తర్వాత సన్నబడింది, ఆగిపోయింది.

"రాట్లేదు ఏటి బాబాయ్?"

"సల్లకి గడ్డకట్టిందిరా, ఆగు, వస్తాది."

పాత చక్రం వాల్వు అయితే ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది: ఇంకో రెండు తిప్పులు తెరవడం. స్ప్రింగ్ వాల్వుకి ఆ అవకాశం లేదు, ఆయన అలాగే పట్టుకుని ఉన్నాడు. ఒక్కసారిగా పైపు తుమ్మినట్టయింది. అడ్డుపడిన ఆయిల్ ముద్ద ఊడి బకెట్‌లో పడింది, వెనకే అమ్మోనియా. తెల్లటి పొగ నేల మీద పాకుతూ వచ్చింది. అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుందని చదువుకున్నాం కదా, కానీ లిక్విడ్‌గా బయటపడితే ఆ చల్లదనానికి ముందు కాళ్ళ దగ్గరే పొగమంచులా పరుచుకుంటుంది. ఇద్దరూ వెనక్కి దూకారు. చెయ్యి వదిలిన క్షణాన వాల్వు మూసుకుంది.

బయటికి వచ్చింది బకెట్‌లో పడ్డదే. 25 పీపీఎమ్ (గాలిలో పది లక్షల పాళ్ళకి 25 పాళ్ళు) దగ్గర పెట్టిన అమ్మోనియా అలారం మోగింది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానంతటదే తిరిగింది, కాసేపటికి రీడింగు దిగింది. పక్కన ప్రాసెసింగ్ హాల్లో ఆడవాళ్ళు రొయ్యలు ఒలుస్తూనే ఉన్నారు, అటు వాసన కూడా పోలేదు. అదే చక్రం వాల్వు అయితే? దాన్ని మూయడానికి ఆ పొగలోకి తిరిగి ఎవరెళ్తారు? 300 పీపీఎమ్ దాటితే ప్రాణానికే ముప్పు అని లెక్క. అమ్మోనియా నీటిని వెతుక్కుంటుంది: కళ్ళు, గొంతు, చెమటపట్టిన చంకలు. మనవాళ్ళ మాస్కులేమో మెడలో వేలాడుతుంటాయి.

ఆ తర్వాత కనిపించిన ప్రతి ప్లాంటు వాళ్ళకీ ఈ వాల్వు గురించే చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

ఒక నైట్ షిఫ్టులో చూద్దును కదా, మాస్టర్ కార్టన్లకి చుట్టే ప్లాస్టిక్ పట్టీతో హ్యాండిల్‌ని పైపుకి బిగించి కట్టేశారు. ఆయిల్ తన మానాన కారుతోంది, మనిషి టీ దగ్గర. కట్టేసిన స్ప్రింగ్ వాల్వు చక్రం వాల్వు కంటే అన్యాయం, ఎందుకంటే దాన్ని నమ్ముతాం. అరిచాను. కానీ నిజం చెప్పాలంటే తప్పు ఆ కుర్రాడి ఒక్కడిదే కాదు. చల్లటి పాట్‌లోంచి గడ్డ ఆయిల్ దిగడానికి చాలాసేపు పడుతుంది, గ్లవ్స్‌తో అంతసేపు స్ప్రింగ్ లాగి పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారతాయి. మా ప్లేట్ ఫ్రీజర్ లైను మైనస్ 40 మీద నడుస్తుంది, మైనస్ 33 కిందకి పోతే లోపల వాక్యూమే, బయటి గాలి కంటే ప్రెషర్ తక్కువ. అంటే వాల్వు మూసి పాట్‌ని అక్యుములేటర్ నుంచి వేరుచేసి వేడెక్కనిస్తే తప్ప ఆయిల్ రాదు. పాట్‌లోని గ్యాస్ బయటికి పోయే వెంట్ లైను కూడా మూసేసి వేడెక్కనిచ్చారా, ఆయిల్ మీద మిగిలిన లిక్విడ్ అమ్మోనియా మన వైజాగ్ ఎండకి చదరపు సెంటీమీటరుకి పది కేజీలు దాటి ప్రెషర్ కడుతుంది. ఏప్రిల్‌లో పైపు తుమ్మింది అందుకే. ముందు షిఫ్టు వాళ్ళు వెంట్ తొందరగా మూసేశారు.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి మారింది. అక్యుములేటర్ నుంచి వచ్చే లైను మూసి, కంప్రెసర్ సక్షన్‌కి (గ్యాస్ లాక్కునే వైపు) పోయే వెంట్ తెరిచే ఉంచి, పాట్ మీద మంచు పూర్తిగా కరిగేదాకా ఆగుతాం. తొందరైతే బయట మామూలు నీళ్ళు పోస్తాం. తర్వాత వెంట్ మూసి, గేజ్‌లో కాస్త ప్రెషర్ కనబడ్డాకే హ్యాండిల్ ముట్టుకుంటాం. ఇలా చేస్తే ఆయిల్ త్వరగా దిగుతుంది, పట్టీ అవసరమే రాదు.

ఇంకో సంగతి, ఈ వాల్వు ఒక్కదాన్నే నమ్ముకుని పైన స్టాప్ వాల్వు తీసేయకండి. సీటులో చిన్న తుప్పు రవ్వ ఇరుక్కుంటే కారుతూనే ఉంటుంది, మాకూ కారింది. పనయ్యాక ముందు స్టాప్ వాల్వు మూసి, స్ప్రింగ్ వాల్వు ఇంకోసారి లాగి మధ్య ముక్క ఖాళీ చేసి, చివర ప్లగ్ బిగిస్తాం. రెండు వాల్వుల మధ్య లిక్విడ్ నిండుగా బందీ అయి వేడెక్కితే పైపు పగులుతుంది. సముద్రపు గాలికి స్ప్రింగ్ బిగుసుకుపోతుంది, గ్రీజు మర్చిపోకూడదు.

2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకయినప్పటి నుంచి మన ఊళ్ళో తనిఖీలంటే భయం పెరిగింది, మంచిదే. తనిఖీకి వచ్చేవాళ్ళు వెసల్ మందం, సేఫ్టీ వాల్వుల తేదీలు చూస్తారు. నేను చూసినంతలో ఆయిల్ డ్రెయిన్ దగ్గర వంగి చూసినవాళ్ళు లేరు.

కొనాలా అంటే, మాలాంటి పాత ప్లాంటు, చేత్తో ఆయిల్ తీసే పద్ధతి అయితే కొనండి. ఆయిల్ దానంతటదే తిరిగొచ్చే ఏర్పాటున్న కొత్త ప్లాంట్లకి అంత అవసరం పడకపోవచ్చు. రాత్రిపూట ఒక్కడే డ్రెయిన్ చేసే చోటైతే, డబ్బు ముందు రెండో మనిషికీ మాస్కుకీ పెట్టండి.

మా రిసీవర్ (కండెన్సర్ నుంచి వచ్చే లిక్విడ్ అమ్మోనియా నిలవుండే ట్యాంకు) కింద మాత్రం ఇంకా చక్రం వాల్వే ఉంది, అక్కడ వేసవిలో 13, 14 కేజీల ప్రెషర్. ఈ షట్‌డౌన్‌లో మార్చమని ఇండెంట్ పెట్టాను. స్టోర్స్ వాళ్ళు ఇత్తడిది చవగ్గా వస్తుందంటున్నారు. అమ్మోనియా రాగినీ ఇత్తడినీ తినేస్తుంది, స్టీలుదే కావాలని మళ్ళీ రాసి పంపాను.