ఐనూ డిజైన్ల కోసం హొక్కైదో: ఉపొపోయ్ సరే, నిబుతాని మాత్రం వదలకండి

మా వదిన ఇంట్లో మగ్గం వర్క్ చేస్తుంది, టోక్యోలో మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఐనూ వాళ్ల (జపాన్ ఉత్తరాన హొక్కైదో దీవి మూలవాసులు) కుట్టుపని చూడాల్సిందే అని ఒకటే పట్టు, సరే అని కిందటి అక్టోబర్‌లో బయల్దేరాం.

ముందు షిరావోయ్ అనే ఊళ్లో ఉపొపోయ్. 2020లో తెరిచిన జాతీయ ఐనూ మ్యూజియం, పొరొతో చెరువు ఒడ్డున. హొక్కైదోలోని పెద్ద నగరం సప్పొరో నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో గంట పైన, స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, పెద్దలకి టికెట్ 1200 యెన్లు, మామూలుగా సోమవారం సెలవు. నీట్‌గా ఉంది, డాన్సులున్నాయి, పిల్లలతో వెళ్తే ఇది చాలు. బట్టలు మాత్రం అద్దాల వెనక, వదిన అద్దానికి ముక్కు ఆనించి మరీ చూసింది. వాటి మీది డిజైన్లలో సుడి తిరిగే గీత మొరెవు, ముల్లులా పొడుచుకొచ్చేది అయుష్. మెడ, చేతుల అంచులు, కింది అంచు, అంటే బట్ట తెరుచుకునే చోట్ల దుష్టశక్తులు దూరకుండా కాపలా అని ఎక్కువమంది చెప్పే మాట.

తర్వాత ఐనూ వాళ్ల ఊరు నిబుతాని, అక్కడికి కారులో వెళ్లడమే సులువు, అటువైపు వెళ్లే హిదాకా రైలు లైను 2015లో అలల దెబ్బకి ఆగిపోయింది, 2021లో ఆ ముక్క మూసేశారు. బస చేసిన చోట రూమ్ వెచ్చగా, శుభ్రంగా ఉంది, కానీ వెజ్ అని ముందే చెప్పినా పొద్దున చేపల చారు పెట్టారు, అరటిపళ్లతో సరిపెట్టుకున్నాం.

అయినా నా ఓటు నిబుతానికే. ఒక వర్క్‌షాప్‌లో పెద్దాయన 'ఇత' అనే చెక్క ట్రే చెక్కుతున్నాడు, ముందు అడ్డంగా నిలువుగా సన్న గీతలు, తర్వాత ఒక్కో గడినీ కత్తి మొనతో చేప పొలుసులా లేపడం, అరచేయంత జాగాకే నాకు చూసి చూసి కళ్లు లాగేశాయి. 2013లో ఈ ట్రేలకి, ఎల్మ్ చెట్టు లోపలి బెరడు నారతో నేసే అత్తుష్ బట్టకి ప్రభుత్వం సంప్రదాయ కళల గుర్తింపిచ్చింది. ట్రే మీది డిజైన్‌కి అర్థమేంటి అని పెద్దాయన్ని అడిగితే, ఒక్కో ఊళ్లో ఒక్కోలా చెప్తారు, ఎవరు ఎవరి కోసం చెక్కారో అది ముందు తెలుసుకో అన్నాడు. పూర్వం మగవాళ్లు నచ్చిన పిల్లకి కత్తి చెక్కి ఇచ్చేవాళ్లట, ఆడవాళ్లు కుట్టిచ్చేవాళ్లట.

ట్రే మా బడ్జెట్ దాటింది, చిన్న కోస్టర్ కొన్నాం. వదిన దాన్ని చూసి ముల్లు మొన కుడుతోంది, మూడుసార్లు విప్పింది, ఇంకా మొద్దుగానే వస్తోందట.