ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్: గేమ్‌క్యూబ్‌లోనా, అభిమానుల సర్వర్‌లోనా? నెల్లూరు నుంచి ఆడేవాళ్లకి

ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ అంటే నలుగురు కలిసి రాక్షసుల్ని వేటాడుతూ పాత్రని పెంచుకునే ఆట. ఈ పాత ఆటని ఇప్పుడు ఎట్టా ఆడాలని అడిగితే అందరూ ముందు బొమ్మ ఎంత బాగుంటుందన్న దగ్గర మొదలుపెడతారు. ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. నెలల తరబడి మీరు పెంచిన పాత్ర ఎవరి చేతిలో ఉంటుంది? గేమ్‌క్యూబ్‌లో, అంటే టీవీకి తగిలించే నింటెండో ఆట డబ్బాలో, ఆడితే మీ ఇంట్లోనే, అగ్గిపెట్టెంత మెమొరీ కార్డులో ఉంటుంది. కంప్యూటర్ మీద బ్లూ బర్స్ట్ ఆడితే ఎక్కడో అభిమానులు నడిపే సర్వర్‌లో ఉంటుంది. దొంగ ఆయుధాలు, కరెంటు కోత దెబ్బలు, ఒంటరిగా ఆడుకునే వీలు, అన్నీ ఈ ఒక్క తేడా నుంచి వచ్చినవే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సెగాలోని సోనిక్ టీమ్ దీన్ని 2000 డిసెంబరులో జపాన్‌లో డ్రీమ్‌కాస్ట్ అనే సెగా సొంత ఆట డబ్బా మీద విడుదల చేసింది. 2002లో రెండో ఎపిసోడ్ కలుపుకుని గేమ్‌క్యూబ్‌కి వచ్చింది. తర్వాత కంప్యూటర్ కోసం బ్లూ బర్స్ట్ వచ్చింది, అందులో నాలుగో ఎపిసోడ్ కూడా ఉంది. ఒక గదిలో నలుగురికి మించి ఆడలేరు. అమెరికాలో గేమ్‌క్యూబ్ సర్వర్లు 2007లో మూశారు. జపాన్‌లో బ్లూ బర్స్ట్ 2010లో ఆగింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కడ ఆడినా అది అభిమానుల చలవే.

ముందు కంప్యూటర్ సంగతి. బ్లూ బర్స్ట్ సర్వర్లలో ఎఫీనియా బాగా నడుస్తున్నది, రుసుము లేదు. సైట్‌లో ఖాతా తెరవాలి, ఇన్‌స్టాలర్ దించుకోవాలి, లాంచర్‌లో తెర కొలత పెట్టుకోవాలి, లాగిన్ అవ్వాలి. చెప్పడానికి ఇంతే. చిక్కులు రెండు చోట్ల వస్తాయి. ఆటని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ కింద పెట్టకండి. ప్యాచర్ అప్‌డేట్ తెచ్చినప్పుడల్లా అక్కడ ఫైళ్లు రాయడానికి విండోస్ అడ్డుపడుతుంది. సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో వేరే ఫోల్డర్ చేసుకోండి. రెండోది యాంటీవైరస్. అభిమానులు మార్చిన ఈఎక్స్‌ఈ కాబట్టి దాన్ని అనుమానించి పక్కన పడేస్తుంది. లాంచర్ మళ్లీ దించుతుంది, యాంటీవైరస్ మళ్లీ తీసేస్తుంది, ఈ దాగుడుమూతలు తెల్లారేదాకా సాగుతాయి. ఆ ఫోల్డర్‌ని మినహాయింపుల్లో చేర్చితే ఆగిపోతుంది. అయితే ఇన్‌స్టాలర్ సర్వర్ సొంత సైట్ నుంచి దించుకున్నదైతేనే ఆ పని చేయండి, ఎవరో పంపిన లింకుకి కాదు. ఆట డైరెక్ట్‌ఎక్స్ 8 కాలంనాటిది కాబట్టి నిండు తెరలో ఆడుతూ వేరే విండోలోకి వెళ్లి వస్తే ఒక్కోసారి బిగుసుకుపోతుంది. విండో పద్ధతిలో ఆడటమే నయం.

పింగ్ (సర్వర్‌కి సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) గురించి మనవాళ్లకి ఉండే భయం ఈ ఆట విషయంలో చాలావరకు అనవసరం. నెల్లూరు, ఒంగోలు నుంచి యూరప్, అమెరికా వైపు సర్వర్లకి మామూలుగా 150 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. తుపాకీ ఆటల్లో అయితే ఈ అంకెతో అడుగు తీసి అడుగు వేయలేం. ఇది మాత్రం ఫోన్ లైను మోడెమ్ కోసం కట్టిన ఆట. మీ దెబ్బ తగిలిందా లేదా అన్నది మీ కంప్యూటరే లెక్క కట్టి, ఫలితాన్ని మిగతావాళ్లకి పంపుతుంది. అందుకే కత్తి విసిరిన క్షణంలోనే అంకె కనబడుతుంది. ఆలస్యం తెలిసేది వేరే చోట్ల. మీ తెర మీద ఎడమ మూల ఉన్న రాక్షసి పక్కవాడి తెర మీద కుడివైపు ఉంటుంది. మంత్రాలు వేసే ఫోర్స్ తరగతి వాళ్లు రెస్టా అనే వైద్య మంత్రం వేశాక మీ ప్రాణం నిండటానికి అర సెకను పడుతుంది. కింద పడిన వస్తువు తీసుకోబోతే సర్వర్ ఒప్పుకునేదాకా చేయి చాచి నిలబడాలి. పింగ్ కన్నా తెగిపోయే లైనే పెద్ద శత్రువు. ఆట టీసీపీ మీద, అంటే తెగకుండా ఉండాల్సిన ఒకే లంకె మీద, నడుస్తుంది కాబట్టి రౌటర్ ఒక్కసారి ఆరి వెలిగితే నేరుగా లాబీ (ఆటగాళ్లు కలుసుకునే చోటు) బయటే. మీరు ఒక్కరే ఉన్న గదైతే గదితో పాటు నేల మీద పడున్న సరుకూ పోతుంది. చేతిలో ఉన్నది మాత్రం సర్వర్‌లో భద్రం. రౌటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకోవడం ఈ ఆటకి మీరు కొనగలిగే అత్యుత్తమ పరికరం. వాయుగుండం పట్టి కరెంటు పోతూ వస్తూ ఉండే అక్టోబరు, నవంబరుల్లో దాని విలువ తెలుస్తుంది.

జనం ఎప్పుడు దొరుకుతారన్నది ఇంకో లెక్క. ఆడేవాళ్లలో ఎక్కువమంది యూరప్, అమెరికాల వాళ్లు. మన రాత్రి తొమ్మిదికి న్యూయార్క్‌లో ఇంకా మధ్యాహ్నం కాలేదు, జర్మనీలో రాత్రి భోజన వేళ కాలేదు. లాబీ పలచగా ఉంటుంది. పదకొండున్నర దాటాక యూరప్ వాళ్లు భోజనాలు ముగించి వస్తారు. తెల్లవారుజామున ఐదారు గంటలకి అమెరికా తూర్పు తీరం వాళ్లు ఉంటారు. ఉదయం లేచే అలవాటుంటే ఆ వేళే మేలు, లైను మీద మన ఊరి రద్దీ కూడా ఉండదు.

ఇక గేమ్‌క్యూబ్. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అది ఏ దేశానిది అని. అమెరికా డబ్బా అడాప్టర్ 120 వోల్టులకి చేసింది. పిన్ను మార్చే ప్లగ్గు ఒకటి తగిలించి మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ఠప్పుమని శబ్దం, కాలిన వాసన, అంతే. దానికి 100 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. నెల్లూరులో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. యూరప్ డబ్బా అయితే అడాప్టర్ మన వోల్టేజీకి సరిపోతుంది, ప్లగ్గు మారిస్తే చాలు. కాకపోతే అమెరికా డిస్కు యూరప్ డబ్బాలో ఆడదు, రెండూ ఒకే ప్రాంతానివి కొనాలి. డబ్బాకి కావాల్సింది 12 వోల్టులు, 3.25 ఆంపియర్లు. రౌటర్ యూపీఎస్ కూడా 12 వోల్టులే కదా అని దానికి తగిలించేవాళ్లున్నారు. అది ఇచ్చేది మామూలుగా 2 ఆంపియర్ల దాకానే. డిస్కు తిరగడం మొదలవగానే డబ్బా ఆరిపోతుంది.

పాత డబ్బా టీవీకి అమెరికా గేమ్‌క్యూబ్ తగిలిస్తే కొన్నిటిలో రంగులు రావు, నలుపు తెలుపే. ఆ టీవీ పాల్ (మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) సంకేతం మాత్రమే చదవగలదు, అమెరికా డబ్బా పంపే ఎన్‌టీఎస్‌సీ కాదు. ఎల్ఈడీ టీవీలు రెండూ చదువుతాయి గానీ బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తాయి. ఈ ఆటలో అది చిన్న విషయం కాదు, ఎందుకంటే మూడు దెబ్బల వరసంతా తాళం మీద నడుస్తుంది. మొదటి దెబ్బ తగిలీ తగలకముందే రెండోది నొక్కాలి, చూసి నొక్కితే అప్పటికే ఆలస్యం. టీవీలో గేమ్ మోడ్ వేసి, మిగతా మెరుగులన్నీ ఆపేయండి. డిజిటల్ అవుట్ రంధ్రం ఉన్న తొలి మోడల్, అంటే డీఓఎల్-001, దొరికితే హెచ్‌డీఎంఐ అడాప్టర్ తగిలించుకోవచ్చు. డీఓఎల్-101లో ఆ రంధ్రం తీసేశారు. తిరగేసి అడుగున నంబరు చూసి డబ్బులివ్వండి.

ఆ మూడు దెబ్బల లెక్క రెండు చోట్లా ఒకటే, చాలామంది దాన్ని పట్టించుకోరు. మామూలు దెబ్బకి గురి పూర్తిగా, గట్టి దెబ్బకి 70 శాతం, ప్రత్యేక దెబ్బకి 50 శాతం. వరసలో రెండో దెబ్బకి గురి 1.3 రెట్లు, మూడో దానికి 1.69 రెట్లు. ప్రత్యేక దెబ్బని మొదటే కొడితే మీ గురిలో సగమే దక్కుతుంది. మూడోదిగా కొడితే దాదాపు 84 శాతం. అన్నిటికన్నా కష్టమైన అల్టిమేట్ స్థాయిలో వరసగా 'మిస్' అని పడుతుంటే ఆయుధాన్ని తిట్టకుండా ముందు మీ వరస మార్చి చూడండి.

గేమ్‌క్యూబ్‌ని ఆన్‌లైన్‌కి తీసుకెళ్లాలంటే అడుగున సీరియల్ పోర్ట్ 1లో బ్రాడ్‌బ్యాండ్ అడాప్టర్ బిగించాలి. వైఫై లేదు, రౌటర్ నుంచి లాన్ తీగ లాగాల్సిందే. ఈ అడాప్టర్ అరుదు. చాలా సార్లు ఖర్చు డబ్బాకన్నా దీనికే ఎక్కువవుతుంది. ఆటలోని నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఐపీ దానంతటదే తీసుకునేలా పెట్టి, డీఎన్ఎస్ దగ్గర మాత్రం అభిమానుల సర్వర్ వాళ్లిచ్చిన అంకెలు చేత్తో కొట్టాలి. ఆట వెతికేది సెగా పాత చిరునామాని, దాన్ని కొత్త ఇంటికి మళ్లించేది ఆ డీఎన్ఎస్సే. సర్వర్ కనబడటం లేదంటే పదికి తొమ్మిదిసార్లు ఆ అంకెల్లో తప్పే ఉంటుంది. తర్వాత సీరియల్ నంబరు, యాక్సెస్ కీ అడుగుతుంది. అవి కార్డులోనే నిలిచిపోతాయి కాబట్టి మొదటిసారే కాగితం మీద రాసి పెట్టుకోండి. గేమ్‌క్యూబ్, డ్రీమ్‌కాస్ట్ వాళ్లకి సిల్వరెంట్ లాంటి సర్వర్లు చోటిస్తున్నాయి. బ్లూ బర్స్ట్‌లో ఉన్నంత జనం అక్కడ ఆశించకండి.

డబ్బాలో అసలు గండం మెమొరీ కార్డు. సేవ్ అవుతుండగా కరెంటు పోతే పాత్ర ఫైలు పాడవ్వచ్చు. పైగా పాత్రల్ని నకలు చేసి అమ్ముకోకుండా ఆ ఫైలుని వేరే కార్డులోకి కాపీ చేయనివ్వదు డబ్బా. ఇంత కట్టడి పెట్టినా నకళ్లు ఆగలేదు. పాత్ర ఆడేవాడి ఇంట్లోనే ఉంటుంది, రాక్షసి చచ్చాక ఏ వస్తువు పడాలో కూడా గది నాయకుడి డబ్బానే తేలుస్తుంది, చీట్ డిస్కు ఉన్నవాడిదే రాజ్యం. బ్లూ బర్స్ట్‌లో వస్తువుని పుట్టించేది సర్వరే కాబట్టి ఎర్ర పెట్టె (అరుదైన వస్తువు) పడినప్పుడు ఆ సంతోషం నిజమైనది. ఇక మన తీరం ఉప్పుగాలికి కార్డు లోహపు పట్టీలు మసకబారతాయి. మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. 'కార్డు లేదు' అని తెర మీద పడితే కంగారుపడి ఫార్మాట్ చేయకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో పట్టీలు తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టి చూడండి.

ఇన్ని తలనొప్పులు పడి డబ్బా ఎందుకంటే, నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుని ఆడొచ్చు కాబట్టి. తెర నాలుగు ముక్కలవుతుంది, నెట్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. పండగకి అన్నదమ్ముల పిల్లలు చేరిన ఇంట్లో బ్లూ బర్స్ట్ ఇవ్వలేనిది ఇదే. దానికి ఆఫ్‌లైన్ ఆట లేనేలేదు, నెట్ పోతే మీ పాత్ర మొహం కూడా చూడలేరు. నాలుగు ముక్కల్లో అక్షరాలు చిన్నవవుతాయి, 32 అంగుళాలకి తక్కువ టీవీ అయితే వెనక కూర్చున్నవాడికి మెనూ చదవడం కష్టం. ఆఫ్‌లైన్‌లో ఇంకో పేచీ ఉంది. తర్వాతి స్థాయి తెరుచుకోవాలంటే ముందు స్థాయిని చివరిదాకా ముగించాలి. ఆన్‌లైన్‌లో మొదటి ఎపిసోడ్‌కి లెవెల్ 20కి హార్డ్, 40కి వెరీ హార్డ్, 80కి అల్టిమేట్ తెరుచుకుంటాయి.

ఎక్కడ ఆడినా సెక్షన్ ఐడీ, అంటే ప్రతి పాత్రకీ ఆట ఇచ్చే గుర్తు, ముందే చూసుకోండి. మొత్తం పది. గది తెరిచినవాడి ఐడీని బట్టే ఏ రాక్షసి ఏ అరుదైన వస్తువు ఇస్తుందో మారుతుంది. అది పాత్ర పేరుని బట్టి వస్తుంది, పేరులో ఒక్క అక్షరం మార్చినా మారిపోవచ్చు. ఎఫీనియా తన డ్రాప్ పట్టికని (ఏ రాక్షసి ఏ వస్తువు వదులుతుందో చెప్పేది) సైట్‌లోనే పెట్టింది, మీ తరగతికి కావాల్సిన ఆయుధం ఏ ఐడీలో పడుతుందో చూసి పేరు పెట్టుకోండి. పాత గేమ్‌క్యూబ్ పట్టికలు దానికి వర్తించవు. మాగ్ (పాత్ర వెంట తిరుగుతూ దాని బలం పెంచే చిన్న యంత్రం) విషయంలో కూడా తొందర వద్దు. మూడున్నర నిమిషాలకొకసారి మూడు వస్తువులు తింటుంది, లెవెల్ 200 దాకా పెరుగుతుంది. 10 దగ్గర, 35 దగ్గర, 50 దాటాక రూపం మారుతుంది. ముందు ఏం పెట్టాలో రాసుకోకుండా చేతికందింది పెడితే 200 చేరాక వెనక్కి తీయడానికి ఉండదు.

పాత డబ్బా వెంట తిరిగే ఓపిక లేకపోయినా గేమ్‌క్యూబ్ ఎడిషనే కావాలంటే మధ్యదారి డాల్ఫిన్ ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌ని గేమ్‌క్యూబ్‌లా పనిచేయించే ప్రోగ్రామ్. మీ సొంత డిస్కు నుంచి తీసిన నకలు ఉండాలి. కాన్ఫిగ్‌లో గేమ్‌క్యూబ్ ట్యాబ్ తెరిచి, ఎస్‌పీ1 దగ్గర 'బ్రాడ్‌బ్యాండ్ అడాప్టర్ హెచ్ఎల్ఈ' ఎంచుకోండి. పక్కనే ఉన్న ట్యాప్ రకానికి వేరే డ్రైవర్ కావాలి, దాని జోలికి పోవద్దు. ఇక్కడ మెమొరీ కార్డు అంటే ఒక మామూలు ఫైలే, డబ్బా కాపీ చేయనివ్వనిది ఇక్కడ ఆట మూసేసి పెన్ డ్రైవ్‌లోకి లాగేస్తే అయిపోతుంది. ఆడిన ప్రతి రాత్రీ తారీఖు పేరుతో ఒక నకలు తీసి పెట్టుకోండి, ఎమ్యులేటర్ తెరిచి ఉండగా మాత్రం తీయకండి, సగం రాసిన ఫైలు వస్తుంది.