డెడ్‌ఫైర్ దీవుల యాత్ర: ఎక్కడ లంగరు వేయాలి, ఎక్కడ వద్దు

పోర్ట్ మాజే ఒడ్డుకు చేరేసరికి ఓడ సగం విరిగి ఉంది. తుపాను ఒక దెబ్బ, దారిలో మీద పడిన దొంగలు మరో దెబ్బ. ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2: డెడ్‌ఫైర్’ ఆట మొదలయ్యేది ఇలాగే. అబ్సిడియన్ ఎంటర్‌టైన్‌మెంట్ తయారుచేసిన ఈ ఆట 2018 మే నెలలో విడుదలైంది. కంప్యూటరు ముందు కూర్చుని చేసిన ప్రయాణమే అయినా, నెలన్నర పాటు రాత్రిళ్లు ఆ దీవుల్లోనే తిరిగాను. ఊరు వెళ్లి వచ్చినవాళ్లు ఎక్కడ దిగాలో, ఏం తినాలో చెప్పినట్టే చెబుతాను.

మొదటి బస పోర్ట్ మాజేలోని ‘క్రాకెన్స్ ఐ’. చిన్న ఊరు, చిన్న సత్రం. అయినా గది తీసుకుని పడుకోండి. ఈ ఆటలో పోరులో పడిపోయిన మనిషి లేచినా గాయం ఒంటి మీద ఉండిపోతుంది. గాయాలు పోగుపడితే ప్రాణానికే ముప్పు. కడుపుకు తిండి, ఒంటికి నిద్ర ఉంటేనే మానతాయి. ఆరుబయట గట్టి ఓడ బిస్కెట్టు తిని పడుకున్నా గాయం మానుతుంది కానీ అంతకు మించి లాభం లేదు. మంచి వంటకం తింటే మర్నాటి పోరులో బలం పెరుగుతుంది. తిండికి ఇంత విలువ ఇచ్చిన ఆటను నేను అరుదుగా చూశాను. దొరికిన చేపను, పండును దాచి పెట్టుకోవడం అలవాటైపోయింది.

ఓడ మీద కూడా ఇదే లెక్క. నావికులకు రోజూ తిండి, నీళ్లు, జీతం ఇవ్వాలి. బిస్కెట్టు, మంచినీళ్లతో సరిపెడితే బతుకుతారు. మంచి భోజనం, సారా పెడితే ఉత్సాహంగా ఉంటారు. ఒకసారి దూరపు దీవికి బయలుదేరి నీళ్లు చాలక వెనక్కి తిరిగాను. ఒడ్డు కనిపించే వరకు వాళ్ల ఉత్సాహం అంకె రోజురోజుకూ దిగిపోతుంటే చూడలేకపోయాను. గాలి వాటంగా ఉన్నప్పుడు మాత్రం పాట ఎత్తుకుంటారు. ఆ పాటలు వినడానికే కొన్నిసార్లు చుట్టు దారిన వెళ్లాను.

అసలు చూడవలసింది నెకెటాకా. ఈ దీవుల మూలవాసులైన హువానా ప్రజల రాజధాని, రాణి రెండో ఒనెకాజా ఉండే పట్టణం. కొండ మీద రాజప్రాసాదం, మధ్యలో వ్యాపారుల వీధులు, గుళ్లు, అట్టడుగున గల్లెట్ అనే పేదల వాడ. బసకు ‘వైల్డ్ మేర్’ మంచిది, చేతిలో డబ్బు ఆడుతుంటే ‘లూమినస్ బాత్‌హౌస్’ కూడా చూడండి. గల్లెట్‌లోకి మాత్రం తప్పకుండా దిగండి. అక్కడ ఉండేది రోపారు కులం వారు. పై కులాలు తిన్నాక మిగిలితే వీళ్లకు దక్కుతుంది, మిగలకపోతే పస్తు. అది ధర్మమేనని, పూర్వం నుంచీ ఉన్నదేనని పైవాళ్లు మర్యాదగా మనకు వివరిస్తారు. ఆ మర్యాద విన్నాక నాకు గొంతు పట్టేసింది. మన ఊళ్లలో ఈ మాటే, ఈ మర్యాదతోనే విన్నవాళ్లం మనం. పరాయి పెత్తనం నుంచి హువానాను కాపాడాలని అనిపిస్తుంది, అదే హువానా తన బిడ్డలను ఆకలికి వదిలేస్తుంది. కథ రాసినవారు ఈ ముడిని విప్పకుండా మన చేతికే ఇచ్చారు. ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఈ దీవుల మీద కన్నేసిన పరాయివాళ్లు ఇద్దరు: ఒక పక్క వైలియన్ ట్రేడింగ్ కంపెనీ, మరో పక్క రావటై దేశపు రాయల్ డెడ్‌ఫైర్ కంపెనీ. ఒకరి చేతిలో తక్కెడ, మరొకరి చేతిలో ఫిరంగి. నేను బందరు దగ్గర పుట్టాను. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లిషు కంపెనీవారు వ్యాపారం పేరుతో దిగిన రేవు అది. డచ్చివారి సమాధులు చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, ఈ రెండు కంపెనీల ప్రతినిధులు నవ్వుతూ కాగితాలు ముందు పెట్టినప్పుడు సంతకం చేయడానికి చేయి రాలేదు.

ఇక సముద్రపు దొంగలు. ప్రిన్సిపీ అనే వీళ్ల స్థావరం డనేజ్. నాయకత్వం కోసం ఇద్దరు పోటీ పడుతుంటారు. పాత వైలియా సామ్రాజ్య వైభవాన్ని తిరిగి నిలబెట్టాలనే పెద్దమనిషి ఫ్యురాంటే, ఎవరికీ తల వంచని ఏల్డిస్. ఫ్యురాంటే మాట తీయన, కానీ బానిసల వ్యాపారం చేసే క్రూక్‌స్పర్ దీవి సంగతి వచ్చినప్పుడు అతని అసలు రంగు చూడండి. మన జట్టులో చేరే సెరాఫెన్ వెంట ఉంటే ఈ ఘట్టం ఇంకా బరువుగా ఉంటుంది. బెన్‌వెత్ అనే దొంగల నాయకుడు దాగిన ఫోర్ట్ డెడ్‌లైట్ కోట కూడా బాగుంది. నేరుగా దాడి చేయవచ్చు, చాటుగా చొరబడవచ్చు, మాటలతోనూ నెగ్గుకు రావచ్చు.

ఇంత చక్కని దొంగలను పెట్టి, ఓడల యుద్ధాన్ని మాత్రం చప్పగా వదిలేశారు. శత్రువు ఓడ ఎదురుపడగానే సముద్రం మాయమై, బొమ్మ వేసిన పుస్తకం పేజీ లాంటిది తెరుచుకుంటుంది. దగ్గరికి వెళ్లు, పక్కకు తిప్పు, ఫిరంగి పేల్చు అని వరుసగా ఎంచుకోవాలి. మధ్య దూరం అంకెల్లో కనిపిస్తుంది. మొదటి రెండు మూడు సార్లు ఊహకు పని పెట్టింది. పదోసారికి చదవడమే మానేశాను. తిన్నగా ఢీకొట్టి ఎదుటి ఓడ ఎక్కేయండి, అక్కడ కత్తి యుద్ధం రంజుగా ఉంటుంది. స్లూప్ అనే చిన్న ఓడ నుంచి గాలియన్ అనే పెద్ద ఓడకు మారడానికి కూడబెట్టిన డబ్బు దండగ అనిపించింది, మంచి కవచాలకు ఖర్చు పెట్టవలసింది.

పెద్ద కథ కూడా నన్ను తృప్తి పరచలేదు. ఇయోథాస్ అనే దేవుడు కొండంత విగ్రహంలో దూరి, ఊళ్లు తొక్కుకుంటూ ఉకైజో అనే మరుగునపడిన నగరం వైపు నడుస్తుంటాడు. అతన్ని వెంటాడాలి. వెంటాడే మనిషి దీవుల్లో తీరిగ్గా తిరగడం ఎలా కుదురుతుంది? ఆ తొందర, ఈ తీరిక ఎక్కడా కలవలేదు. చివర్లో దేవుడు చేసేది చేస్తాడు, మనం ప్రభుత్వం ఎవరిదో తేలుస్తాం, అంతే. ప్రతి ఇంటి తలుపు దగ్గరా తెర ఆగి లోడవుతూ ఉండటం కూడా నెకెటాకాలో విసుగు తెప్పిస్తుంది.

పోరు పద్ధతి గురించి ఒక మాట. ఐదుగురి జట్టు ఒక్కసారిగా కదులుతుంటే కంగారుపడేవాళ్ల కోసం 2019 జనవరిలో వంతులవారీ పద్ధతి చేర్చారు. ఆలోచించుకోవడానికి హాయి, కానీ చిన్న చిన్న పోరాటాలు మరీ సాగుతాయి. కష్టం స్థాయి ఒక మెట్టు పైకి పెట్టుకోండి, లేకపోతే సగం దాటాక శత్రువులు అడ్డే కారు.

జనం లేని చిన్న దీవులకు వెళ్లడం మానకండి. పూర్తిగా తిరిగి చూస్తే ఆ దీవికి పేరు పెట్టే హక్కు మనకిస్తారు. తూర్పున పచ్చని ఇసుక తిన్నెలాంటి దాన్ని చూడగానే నా చిన్నప్పుడు మా అమ్మమ్మ తీసుకెళ్లిన, కృష్ణ సముద్రంలో కలిసే చోటు గుర్తొచ్చింది. ఇంగ్లిషు అక్షరాలతోనే అయినా ‘హంసలదీవి’ అని రాశాను. ఆ తర్వాత ఎప్పుడు పటం విప్పినా, నెకెటాకా కంటే ముందు నా చూపు అటే వెళ్లేది.