టిండేల్ కొత్త నిబంధన, డేవిడ్ డేనియల్ ఎడిషన్ - కింగ్ జేమ్స్ ఇష్టపడేవాళ్ళు తప్పక కొనండి

కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లిష్ బైబిల్ చదివేవాళ్ళు మన చర్చిల్లో చాలామందే ఉన్నారు, వాళ్ళందరికీ ఈ పుస్తకం గురించి చెప్పాలనిపించింది. విలియం టిండేల్ ఇంగ్లిష్‌లోకి అనువదించి, 1534లో దిద్ది మళ్ళీ అచ్చు వేయించిన కొత్త నిబంధన ఇది. డేవిడ్ డేనియల్ గారు స్పెల్లింగులు ఇప్పటి పద్ధతిలోకి మార్చారు, 1989లో యేల్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది.

1611 కింగ్ జేమ్స్ అంటే 40 మందికి పైగా పండితులు కూర్చుని చేసిన పని అనుకుంటాం, నిజమే, కానీ కొత్త నిబంధన వరకు చూస్తే అందులో 80 శాతం పైనే టిండేల్ మాటలని లెక్క తేలింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని మత్తయి 5 చదవండి, మీకే తెలుస్తుంది. సాల్ట్ ఆఫ్ ది ఎర్త్, ఫైట్ ది గుడ్ ఫైట్, ది పవర్స్ దట్ బీ... బైబిల్ ఎప్పుడూ తెరవనివాళ్ళు కూడా వాడేస్తున్న ఈ మాటలన్నీ ఇందులో ఉన్నాయి.

ఆ మనిషి ఎలాంటి పరిస్థితిలో ఈ పని చేశాడో తెలిస్తే గుండె బరువెక్కుతుంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో చర్చి అనుమతి లేకుండా బైబిల్‌ని ఇంగ్లిష్‌లోకి తేకూడదు, లండన్ బిషప్ టన్‌స్టల్‌ సాయం అడిగితే కుదరదన్నాడు, దాంతో 1524లో జర్మనీ వెళ్ళిపోయాడు, కొలోన్‌లో సగం ప్రింటింగ్‌లో ఉండగా విషయం బయటికి పొక్కి అచ్చయిన కాగితాలు పట్టుకుని వార్మ్స్‌కి పారిపోయి 1526లో అక్కడ పూర్తి చేశాడు. బట్టల మూటల్లో దాచి ఇంగ్లండ్ పంపితే అదే బిషప్ తగలబెట్టించాడు. ఆ 1526 ప్రతులు ఇప్పుడు 3 మాత్రమే ఉన్నట్టు తెలుసు. 1536లో బ్రస్సెల్స్ దగ్గర విల్వోర్డేలో ఆయన్ని గొంతు బిగించి చంపి శవాన్ని కాల్చేశారు. 1539కల్లా ఇంగ్లండ్ రాజు అనుమతితోనే గ్రేట్ బైబిల్ అనే ఇంగ్లిష్ బైబిల్ వచ్చింది, దాని కొత్త నిబంధనకి ఆధారం మళ్ళీ ఈయన అనువాదమే!

ఇక పుస్తకం సంగతి. ఇందులో వచనాల నంబర్లు ఉండవు, ఆయన కాలానికి ఇంగ్లిష్ బైబిల్లో అవి ఇంకా రాలేదు. అందుకే లూకాలో తప్పిపోయిన కుమారుడి కథ ఎక్కడా ఆగకుండా సాగిపోతుంది, పైకి చదువుతుంటే ఎదురుగా ఎవరో కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. కాకపోతే పాస్టర్ గారు వాక్యం చెప్తుంటే గబగబా తీసి చూసుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు. పాత నిబంధన కూడా ఇందులో లేదు, టిండేల్ పూర్తిచేయగలిగినంత వరకు డేనియల్ గారే 1992లో వేరే పుస్తకంగా తెచ్చారు.

ముందుమాట దాటేయకండి, టిండేల్‌కి రావాల్సిన పేరు రాలేదని డేనియల్ గారు గట్టిగా వాదిస్తారు, నాకైతే అది న్యాయంగానే అనిపించింది. అది చదివాక లూకాతో మొదలుపెట్టండి, రోమా పత్రిక తర్వాత చూసుకోవచ్చు. 5కి 5 ఇస్తున్నాను.