ప్లేటు విసిరేవాడా, బంతి కొట్టేవాడా: ఎవరి చెయ్యి గొప్ప?

"డిస్క్ గోల్ఫ్‌లో టాప్ ప్లేయర్లు నిజంగా గోల్ఫర్లంత నైపుణ్యం ఉన్నవాళ్ళేనా?" (డిస్క్ గోల్ఫ్ అంటే, క్లబ్బుతో బంతిని గుంటలోకి కొట్టే బదులు, ప్లేటులాంటి ప్లాస్టిక్ డిస్కుని విసిరి గొలుసులు వేలాడే బుట్టలో వేసే ఆట. తక్కువ విసుర్లలో వేసినవాడే గెలుస్తాడు.) ఈ ప్రశ్న గత రెండేళ్ళలో నన్ను కనీసం ఇరవైమంది అడిగి ఉంటారు. ఇది మర్యాదగా అడిగేవాళ్ళ మాట. మా బావకి ఆ మర్యాదలేమీ ఉండవు. "పార్కులో ప్లేట్లు విసురుకునేవాళ్ళకీ స్కాటీ షెఫ్లర్‌కీ పోలికేంటి బావా?" అని గోల్ఫ్ మొనగాడి పేరు తీసి మొహం మీదే అంటాడు. ఆయన అట్లాంటా పక్కన ఆల్ఫరెట్టాలో ఉంటాడు, పదేళ్ళుగా గోల్ఫ్ పిచ్చి. నేనుండేది షార్లెట్‌లో. ఆరేళ్ళు గోల్ఫ్ ఆడి, మూడేళ్ళ కిందట క్లబ్బుల బ్యాగు గరాజ్‌లో మూలకి నెట్టేసి డిస్కులు పట్టుకున్నాను. ఇక నా మొగ్గు ఎటో దాచేదేముంది? అయినా ఇప్పుడు రాయబోయేది మొత్తం ఆ మొగ్గు ప్రకారమే ఉండదు.

షార్లెట్‌లో ఉండటం ఈ విషయంలో కలిసొచ్చింది. 2025 పీజీఏ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ జరిగిన క్వెయిల్ హాలో కోర్సు మా ఊళ్ళోనే ఉంది, అక్కడ గెలిచింది షెఫ్లరే. దక్షిణంగా కాస్త దూరం కారులో వెళ్తే రాక్ హిల్. అక్కడ విన్‌త్రాప్ యూనివర్సిటీ చెరువు చుట్టూ అక్టోబర్‌లో డిస్క్ గోల్ఫ్ అమెరికా ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. డిస్క్ గోల్ఫ్ మేటి పాల్ మెక్‌బెత్ తన మొదటి ప్రపంచ టైటిల్ 2012లో గెలిచింది కూడా షార్లెట్‌లోనే. రెండు ఆటల్నీ తాడు పక్కన నిలబడి, చేతికి అందేంత దగ్గర నుంచి చూశాను.

ముందు దూరం సంగతి తేల్చేస్తాను. అందరూ మొదలుపెట్టేది అక్కడే, కానీ అక్కడ తేలేది ఏమీ లేదు. అమెరికా ప్రో గోల్ఫర్లు ఆడే పీజీఏ టూర్‌లో సగటు డ్రైవ్ (హోల్ మొదట్లో కొట్టే పొడుగు దెబ్బ) సుమారు 300 గజాలు, అంటే 275 మీటర్లు. డిస్క్ ప్రో మామూలు గాలిలో 150 మీటర్లు విసిరితే జనం ఈల వేస్తారు. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ నెవాడా ఎడారిలో 338 మీటర్లు విసిరాడు, నిజమే. కానీ అది హోరుగాలి వీచే రోజు చూసుకుని రికార్డు కోసమే విసిరిన విసురు. చేతి వేగం అడిగితే, డిస్క్ ప్రో సైమన్ లిజోట్ విసిరిన డిస్కు గంటకి 140 కిలోమీటర్లు దాటింది, మన సిరాజ్ బంతి వేసే వేగం అది. గోల్ఫ్ బంతి వేగం దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, ఆ వేగంలో ఎక్కువ భాగం క్లబ్బు పొడవు ఇచ్చిందే. ఇందులో ఎవరి గొప్పా తేలదు. పదండి.

నా మటుకు అసలు ప్రశ్న ఇది: చేతిలో జరిగిన చిన్న తప్పు, ఆట స్థలంలోకి వచ్చేసరికి ఎంత పెద్దదవుతుంది? దాన్ని అదుపులో పెట్టడమే నైపుణ్యం అనుకుంటాను, మిగతావన్నీ దాని తర్వాతే.

గోల్ఫ్‌లో చేతికీ బంతికీ మధ్య మీటరు పైన పొడవున్న కర్ర ఉంటుంది. దాని చివర ఉన్న లోహపు ముక్క గంటకి 180 కిలోమీటర్ల వేగంతో వచ్చి, సెకనులో రెండు వేలవ వంతు సేపు బంతిని తాకుతుంది. ఆ కాస్త సేపట్లో క్లబ్బు మొహం ఎటు తిరిగి ఉందన్నదే మొత్తం కథ. బంతి ఒక్క డిగ్రీ పక్కకి బయల్దేరినా 300 గజాల దగ్గరికి వెళ్ళేసరికి 5 గజాలు తప్పుతుంది. మీద స్పిన్ వల్ల వచ్చే వంపు వేరే. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడినవాళ్ళకి ఈ బాధ తెలుసు. గట్టిగా కొట్టాలనుకున్నప్పుడే బిళ్ళ పక్కింటి పెరట్లో పడేది.

డిస్కుకి మధ్యలో కర్ర లేదు. వేళ్ళ నుంచి వదిలే క్షణం దాకా అది మన చేతిలోనే ఉంటుంది. ఊరి చెరువులో చిల్లపెంకు విసిరిన ప్రతివాడికీ ఆ స్పర్శ సగం వచ్చేసినట్టే. అందుకే కొత్తవాడు మొదటి రోజే డిస్కుని 50 మీటర్లు పంపగలడు, గోల్ఫ్‌లో మొదటి రోజు మట్టిగడ్డ లేపి ఇంటికొస్తాడు. మా బావ వాదనంతా దీని మీదే నిలబడింది: "కొత్తవాడికి తేలికైన ఆటలో మొనగాడు ఎంతటివాడైతే ఏం?"

ఆ మాటకి సమాధానం కావాలని ఒకరోజు కాగితం మీద లెక్క వేశాను. ఫెయిర్‌వే, అంటే బంతి పడాల్సిన కోసిన పచ్చిక దారి, 30 గజాల వెడల్పు, బంతి పడేది 300 గజాల దగ్గర అనుకుందాం. అప్పుడు గోల్ఫర్‌కి అటూ ఇటూ 3 డిగ్రీల లోపే జాగా ఉంటుంది. అడవి కోర్సులో డిస్క్ ఆటగాడికి టీ (మొదటి విసురు వేసే చోటు) నుంచి 25 మీటర్ల దూరంలో రెండు చెట్ల మధ్య 3 మీటర్ల సందు. అటూ ఇటూ సుమారు మూడున్నర డిగ్రీలు. ఇంచుమించు ఒకటే! పైగా గోల్ఫర్ తప్పితే బంతి రఫ్‌లో, అంటే పక్కనున్న పొడుగు గడ్డిలో పడుతుంది, అక్కడి నుంచి ఇంకో షాట్ ఉంటుంది. డిస్కు చెట్టుకి తగిలితే ఆ చెట్టు మొదట్లోనే పడి ఉంటుంది, ఆ హోల్‌కి పెట్టిన లెక్కలో, అంటే పార్‌లో ముగించే ఆశ అక్కడితో సరి.

సందు దాటాక కూడా పని అయిపోదు. డిస్కుని వేళ్ళ నుంచి వదిలేటప్పుడు దిశ ఒక్కటే కాదు, పక్కవాటు ఎంత వంచాం, ముందు అంచు ఎంత పైకి లేచింది, ఎంత తిప్పాం అన్నవి అన్నీ కలిసి రావాలి. ముందు అంచు కాస్త ఎక్కువ పైకి లేచిందా, డిస్కు ఆకాశంలోకి ఎక్కి, ఆగి, ఎడమకి జారి కూలబడుతుంది. నేను వారం వారం చేసే తప్పు ఇదే.

విన్‌త్రాప్‌లో ఒక మధ్యాహ్నం చూసింది ఇంకా కళ్ళముందే ఉంది. పదిహేడో హోల్. గ్రీన్, అంటే బుట్ట ఉన్న జాగా చుట్టూ గడ్డి మోపుల గోడ, దాని బయట పడితే పెనాల్టీతో మళ్ళీ విసరాల్సిందే. ఒక కుర్ర ప్రో టీ మీదకి వచ్చి, బ్యాగులోంచి ఒక డిస్కు తీశాడు. తువ్వాలుతో తుడిచి, చెరువు అవతలి చెట్ల ఆకులు ఎటు ఊగుతున్నాయో చూశాడు. ఆ డిస్కు లోపల పెట్టేసి ఇంకోటి తీశాడు. అదే కంపెనీది, అదే మోడల్, రంగు కూడా అదే. నా పక్కన నిలబడ్డ పెద్దాయన నవ్వి, "రెండోది అరిగిన డిస్కు, త్వరగా కుడికి తిరుగుతుంది" అన్నాడు. అంటే ఆ కుర్రాడు ఎంచుకున్నది డిస్కుని కాదు, దాని అరుగుదలని. అది కుడి వైపుకి తేలుతూ వెళ్ళి, వేగం తగ్గగానే మనసు మార్చుకున్నట్టు ఎడమకి వంగి గడ్డి మోపుల లోపల మెత్తగా వాలింది.

ఒకే విసురులో ఇలా రెండు వైపులా వంగడం గోల్ఫ్ బంతి వల్ల కాదు. కుడిచేతివాడు డ్రా కొడితే ఎడమకే వంగుతుంది, ఫేడ్ కొడితే కుడికే. డిస్కు వేగంగా ఉన్నంతసేపు ఒక పక్కకి, నెమ్మదించాక రెండో పక్కకి తిరుగుతుంది. దానికి తోడు బ్యాక్‌హ్యాండ్, ఫోర్‌హ్యాండ్, తల మీద నుంచి నిలువుగా విసిరేది, చక్రంలా నేల మీద దొర్లించేది, ఇన్ని రకాలు. గోల్ఫర్ బ్యాగులో 14 క్లబ్బులకి మించకూడదు, డిస్క్ ప్రో బ్యాగులో ఇరవై పైనే ఉంటాయి. గాలిలో గీత గీయడంలో మాత్రం డిస్కువాళ్ళదే పైచెయ్యి. ఇది నా అభిమానం అనుకుంటే అనుకోండి.

ఇక పట్, అంటే గురికి దగ్గరికొచ్చాక వేసే ఆఖరి చిన్న దెబ్బ లేదా విసురు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. డిస్క్ గోల్ఫ్‌లో బుట్ట చుట్టూ 10 మీటర్ల వృత్తం ఉంటుంది. దాని లోపల నుంచి, బుట్ట కిందే నిలబడి వేసే సులువువాటిని తీసేసినా, మేటి ప్రోలు నూటికి 85 దాకా వేస్తారు. అదే 10 మీటర్లు, అంటే 33 అడుగుల నుంచి పీజీఏ టూర్ ప్రోకి సగటున రెండు పట్‌లు పడతాయి. మొదటి పట్‌లోనే లోపలికి వెళ్ళేవి పదింట ఒకటి కూడా ఉండవు. గోల్ఫ్ ప్రోకి సగం సగం అవకాశం ఉండే దూరం 8 అడుగులు.

ఈ అంకెలు చూపించి డిస్కువాళ్ళే మేటి పట్టర్లు అనేవాళ్ళున్నారు. బుట్ట పెద్దది కాబట్టి తేలిక అని ఎదుటివాళ్ళ వాదన. రెండూ సరిగ్గా లేవు. గోల్ఫ్ గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతికి రెండున్నర రెట్లు. గొలుసుల గుత్తి కూడా డిస్కుకి రెండు, మూడు రెట్ల మధ్యే ఉంటుంది. తేడా గురి సైజులో లేదు, మధ్యలో ఉన్న దారిలో ఉంది. గోల్ఫ్ బంతి దొర్లేది నేల మీద, ఆ నేల ప్రతి అడుగుకీ వాలు మారుతుంది. పైగా వేగం కాస్త ఎక్కువైతే గుంట అంచు మీద తిరిగి బయటికొస్తుంది. డిస్కు వెళ్ళేది గాలిలో, గాలి లేని రోజు ఆ దారి నున్నగా ఉంటుంది. గాలి ఉన్న రోజు మాత్రం 175 గ్రాముల ప్లాస్టిక్కుతో ఎదురుగాలిలో పట్ వేయమనండి, డిస్కు గాలిపటంలా లేచి బుట్ట మీద నుంచి పోతుంది. పట్ విషయంలో గోల్ఫర్‌కే కష్టం ఎక్కువ అంటాను. గ్రీన్ పక్క నుంచి బంతిని చిన్నగా లేపే చిప్పింగ్, ఇసుక గుంటలోంచి కొట్టే బంకర్ షాట్లు కూడా ఆ ఖాతాలోనే వేసుకోండి.

ఒత్తిడిలో ఎవరు గట్టి? ఇద్దరూ మనుషులే. 2021 డిస్క్ గోల్ఫ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్, యూటాలోని ఆగ్డెన్. ఆఖరి హోల్‌లో మెక్‌బెత్ ఒక్క త్రో ముందున్నాడు. జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల నుంచి విసిరింది నేరుగా గొలుసుల్లో పడింది. స్కోరు సమం కావడంతో ఆడిన ప్లేఆఫ్‌లో కాన్రాడే గెలిచాడు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో నా భార్యకి తెలుసు. గోల్ఫ్‌లో 2025 మాస్టర్స్ చూడండి. రోరీ మెకిల్‌రాయ్ ఆఖరి గ్రీన్ మీద చిన్న పట్ తప్పి, టెన్షన్ మన ఇళ్ళ దాకా తెచ్చి, ప్లేఆఫ్‌లో జస్టిన్ రోజ్ మీద గెలిచాడు. అదృష్టం మాట వస్తే మన తెలుగువాళ్ళబ్బాయి సాహిత్ తీగల గుర్తొస్తాడు. 2022 ఫీనిక్స్ ఓపెన్‌లో పదిహేడో హోల్ దగ్గర కొట్టిన మంచి డ్రైవ్ నేలకి తగిలి పక్కకి ఎగిరి నీళ్ళలోకి పోయింది. నేల మీద దొర్లే ఆటలో ఆ బాధ తప్పదు, డిస్కులకి చెట్టు కొమ్మలున్నట్టే.

  

నన్ను గోల్ఫ్ వైపు లాగేది ఆఖరికి జల్లెడ. గోల్ఫ్‌లో ప్రపంచం నలుమూలల నుంచి పిల్లలు ఐదారేళ్ళకే మొదలుపెడతారు, వాళ్ళలో మిగిలేది పిడికెడు మంది. డిస్క్ గోల్ఫ్ సంఘం 1976లో పుట్టింది, ఇప్పుడున్న ప్రో టూర్ మొదలైంది 2016లో. కెన్ క్లైమో 1990 నుంచి 1998 దాకా వరసగా 9 ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు. మహా ఆటగాడు, సందేహం లేదు. కానీ టైగర్ ఉడ్స్ అంతటివాడు ఒకే మేజర్‌ని (గోల్ఫ్‌లో నాలుగు పెద్ద పోటీల్లో ఒకదాన్ని) వరసగా మూడేళ్ళు గెలవలేకపోయాడు. ఆ తేడాలో కొంత క్లైమోది, కొంత ఎదురుగా ఉన్నవాళ్ళ సంఖ్యది. డబ్బు కూడా అదే చెబుతుంది. 2021లో మెక్‌బెత్‌కి డిస్కులు చేసే డిస్క్‌క్రాఫ్ట్ కంపెనీతో పదేళ్ళకి కోటి డాలర్ల ఒప్పందం కుదిరితే ఆట మొత్తం అబ్బురపడింది. గోల్ఫ్‌లో 2025 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ విజేతకి నాలుగు రోజుల ఆటకి 45 లక్షల డాలర్లు. డబ్బున్న చోటికే పోటీ వస్తుంది, పోటీ పెరిగితే జల్లెడ కన్నాలు సన్నబడతాయి. డిస్కులో ఈమధ్యే ఆ సన్నబడటం కనిపిస్తోంది. మెక్‌బెత్ 2022లో ఆరో టైటిల్ గెలిచాక, 2023, 2024 రెండూ ఐజాక్ రాబిన్సన్ పట్టుకుపోయాడు.

కాబట్టి ఈరోజుకి, బంతిని తాకే ఆ రెండు వేలవ వంతు సెకను కోసం షెఫ్లర్‌కే ఓటేస్తున్నాను. బావ, నువ్వు చదువుతున్నావని తెలుసు. ఎగరకు.

ఎందుకంటే పోయిన థాంక్స్‌గివింగ్ సెలవులకి ఆయన మా ఇంటికొచ్చినప్పుడు ఒక పందెం వేసుకున్నాం. హార్నెట్స్ నెస్ట్ పార్కులో బుట్ట నుంచి 10 మీటర్లు కొలిచి గీత గీశాను. బావ పది డిస్కులు వేశాడు. రెండు పడ్డాయి, మూడు గొలుసులు మోగించి బయట పడ్డాయి, ఒకటి పక్కనున్న కుక్క నోట్లోకి వెళ్ళింది. మర్నాడు ఆయన నన్ను ప్రాక్టీస్ గ్రీన్ మీదకి తీసుకెళ్ళి అదే దూరం కొలిచాడు. నేను పది కొట్టాను, ఒక్కటీ పడలేదు. బావ కొట్టిన పదిలో ఒకటి పడింది. దానికే ఆయన టోపీ ఎగరేశాడు.

వెళ్ళేటప్పుడు నా పాత పట్టర్ డిస్కు ఒకటి అడిగి పట్టుకెళ్ళాడు. పిల్లల కోసమట.