మిలిటరీ డిస్పోజల్ జిప్సీ: కొన్నేళ్లు వాడాక

నా దగ్గర ఆర్మీ వేలంలో వచ్చిన మారుతి జిప్సీ జీపు ఉందని తెలిస్తే ఎవరైనా మొదట అడిగేది మైలేజీ. లీటరుకి 9 నుంచి 10 కిలోమీటర్లు, ఘాట్ ఎక్కితే ఇంకా తక్కువ. అది విని ముఖం ముడుచుకుంటే ఈ బండి జోలికి రాకండి. ఇది పెట్టించే ఖర్చుల్లో పెట్రోలే చిన్నది.

నాది ఎంజీ413డబ్ల్యూ మోడల్, సాఫ్ట్ టాప్, అంటే పైన కాన్వాస్ గుడ్డ. 1298 సీసీ, 16 వాల్వుల పెట్రోల్ ఇంజిన్, 80 హార్స్‌పవర్. 1985లో వచ్చిన మొదటి జిప్సీలో ఉన్నది 970 సీసీయే. 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజిన్‌లోకి పెట్రోల్‌ను ఎలక్ట్రానిక్‌గా చిమ్మే పద్ధతి వచ్చింది. కొంటే ఆ తర్వాతి బండే కొనండి, కార్బురేటర్‌ని సరిగ్గా ట్యూన్ చేసే మెకానిక్‌లు మా విశాఖలో ఇప్పుడు వెతికితే గానీ దొరకరు. ఇంజిన్ మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. మారుతి ఎస్టీమ్‌లో వాడిందీ ఇదే కుటుంబం కాబట్టి స్పేర్లకు ఇబ్బంది పడలేదు. కొన్న వెంటనే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, రబ్బరు గొట్టాలన్నీ మార్పించాను. మీటర్ మీద ఎన్ని కిలోమీటర్లున్నాయో పట్టించుకోలేదు. డిస్పోజల్ బండి విషయంలో ఆ అంకెను నమ్మడం దండగ.

ఇంజిన్ కంటే ముందు చూడాల్సినవి కాగితాలు. సైన్యం తీసేసిన బండ్లు ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్ వేలంలో లాట్లుగా పోతాయి. డీలర్లు లాటు మొత్తం పాడుకుని, విడివిడిగా మనకు అమ్ముతారు. వేలం తాలూకు అమ్మకం పత్రంలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. పెన్సిల్ రుద్ది అచ్చు తీసి మరీ పోల్చుకోండి. ఒక అంకె తేడా ఉన్నా ఆర్టీవో ఆఫీసు మెట్లు అరిగేదాకా తిరగాల్సిందే. బండి తయారై పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్, దాంతోపాటు గ్రీన్ ట్యాక్స్. ఇవన్నీ ముందే లెక్కేసుకుని బేరమాడండి. మిలిటరీ నంబరులో ముందుండే పైకి చూసే బాణం గుర్తు పోయి నా బండికి ఏపీ39 వచ్చిన రోజు మాత్రం చాలా హాయిగా అనిపించింది.

రంగు సంగతి చాలామందికి తెలియదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. డీలర్లేమో కొత్తగా అదే రంగు కొట్టి, కళ్లు చెదిరేలా నిలబెడతారు. ఆ పెయింటుకి మీరు డబ్బులిచ్చి, మళ్లీ దాన్ని గీకించడానికి ఇంకోసారి ఇవ్వాలి. నేను లేత క్రీమ్ రంగు వేయించాను. బానెట్ లోపల, సీట్ల కింద పాత ఆకుపచ్చ అలాగే ఉంది. వెనక డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల డబ్బా) మీది తెల్ల రంగూ ఉంచేశాను. సైన్యంలో రాత్రిపూట కాన్వాయ్‌లో లైట్లార్పి వెళ్లేటప్పుడు వెనక డ్రైవరు ఆ తెలుపును, దాని మీద పడే చిన్న దీపం వెలుగును చూసుకుంటూ అనుసరిస్తాడు. సివిల్ బండి మీద ఆర్మీ స్టిక్కర్లు అంటించుకుని తిరగడం మాత్రం నాకు బొత్తిగా నచ్చదు.

అసలు డబ్బంతా తినేది తుప్పు. సైన్యంలో ఇంజిన్‌కి టైముకి సర్వీసు జరిగి ఉండొచ్చు. బాడీ మాత్రం ఎండకి, వానకి బయటే నిలబడి ఉంటుంది. కాళ్ల కింద ఫ్లోరు, వెనక చక్రాల పైన రేకు, ముందు అద్దం ఫ్రేము అడుగు, ఛాసిస్ మీద బాడీ కూర్చునే చోట్లు, ఇవే దాని స్థావరాలు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. రేకుకి అతుక్కోవడం లేదంటే అక్కడున్నది పుట్టీ. నేను చూసిన ఒక బండికి వెనక పక్క రేకు సగం పుట్టీయే, ధర మాత్రం ఫస్ట్ క్లాస్ బండిది. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలి ఊరుకోదు కాబట్టి తుప్పు పట్టిన భాగం కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాక, కింద అంతా అండర్‌కోటింగ్ కొట్టించాను. ఏటా వానాకాలం ముందు జాకీ ఎత్తి చూసుకుంటాను.

రోడ్డు మీద తీరు చెప్పాలంటే మా మెకానిక్ మాటే సరి: "ఏటి బాబూ, దీన్ని హైవే మీద ఇంతలా తోల్తారా?" నాలుగు వైపులా కమాను పట్టీలే. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు, కాన్వాస్ టపటపలో పక్కవాడి మాట వినపడదు. 80 దాటితే స్టీరింగ్ పట్టుకోవడమే పని. మధ్యలో ఒకసారి 60 దగ్గర ముందు చక్రాలు గడగడ ఊగడం మొదలైంది. ఊపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే తగ్గుతుందన్నారు. అది రోగాన్ని కప్పిపెట్టడమే. చక్రం తిరిగే నకిల్‌లో కింగ్‌పిన్ బేరింగులు అరిగితే ఇలా అవుతుంది, అవి మార్చాక పోయింది. వెనక ఎదురెదురు బెంచీల మీద ఒకసారి కూర్చున్న మా అమ్మ మళ్లీ ఎక్కలేదు. ఇంట్లో ఇంకో కారు లేకపోతే దీన్ని కొనకండి.

ఇన్ని చెప్పీ ఎందుకు అమ్మలేదంటే పాడేరు వైపు వానాకాలం మట్టి దారులు. బండి బరువు సుమారు ఒక టన్ను మాత్రమే. పెద్ద ఎస్‌యూవీలు కూరుకుపోయే ఎర్ర బురదలో ఇది తేలిగ్గా పోతుంది. ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ శక్తి, నెమ్మది గేరు) పెట్టి మొదటి గేరులో దిగుతుంటే బ్రేకు తొక్కే పనే ఉండదు. ఆరిన తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వేయకండి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి గేరు భాగాలు బిగుసుకుంటాయి. రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే లాకింగ్ డిఫరెన్షియల్ కూడా లేదు. ఎదురుమూలల చక్రాలు గాల్లోకి లేస్తే అక్కడితో ఆగాల్సిందే, తాడు దగ్గరుంచుకోండి. పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్ల మోజు ఉన్నవాళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవండి. కంపెనీ ఇచ్చిన రూపం మార్చడం ఇప్పుడు తేలిక కాదు.

నా బండి ఒకప్పుడు సైన్యంలో వైర్‌లెస్ చూసుకునే సిగ్నల్స్‌ వాళ్లది కాబోలు, పక్కన యాంటెనా బిగించిన రంధ్రాలున్నాయి. రేడియో సెట్లు మాత్రం అమ్మకముందే తీసేస్తారు, వాటి మీద ఆశ పెట్టుకోకండి. అదే చోట నేను హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాగా మాట్లాడుకునే అమెచ్యూర్ వైర్‌లెస్) యాంటెనా పెట్టాను. లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. పరీక్షకు చదవాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. దగ్గరి వాళ్లతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ ఎఫ్ఎంలో ఇబ్బంది లేదు కానీ, దూరం వాళ్లను అందుకునే 7 మెగాహెర్ట్జ్‌లో వినబోతే ఇంజిన్ స్పార్కు చిటపటలే. రెసిస్టర్ ప్లగ్గులు, మంచి ప్లగ్ వైర్లు వేసి, బానెట్‌నీ సైలెన్సర్‌నీ రాగి పట్టీలతో ఛాసిస్‌కి కలిపాక చాలావరకు తగ్గింది. సెట్టుకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, రెండు తీగలకూ ఫ్యూజులు పెట్టి లాగండి.

మారుతిదే కొత్త ఫోర్ వీల్ బండి జిమ్నీ వచ్చింది కదా అంటారు. కాయిల్ స్ప్రింగులు, ఏసీ, పవర్ స్టీరింగ్ అన్నీ ఉన్నాయి, రోజూ నడపాలంటే అదే కొనండి. నా బండికి ప్రస్తుతం ఎడమ నకిల్ సీలు మళ్లీ కారుతోంది. సీలు తెచ్చిపెట్టాను, వానలు ఆగగానే విప్పాలి.